సర్జరీ రోబోల చిన్న పనిముట్లు: అపోహలు, వాస్తవాలు

సర్జరీ రోబోల చేతి చివర ఉండే చిన్న పనిముట్లను డిజైన్ చేయడం నా పని. వాటి గురించి తరచూ వినే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఆపరేషన్ రోబోయే చేసేస్తుంది.

ఇప్పుడు వాడుతున్న రోబోల్లో చాలావరకు సర్జన్ చేతి కదలికనే లోపల చేస్తాయి. చేతి వణుకును వడకట్టి, కదలికను తగ్గించి పంపుతాయి, అంతే. 2001లో న్యూయార్క్‌లో ఉన్న సర్జన్లు ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న పేషెంటుకు రోబో ద్వారా పిత్తాశయం తీసినప్పుడు కూడా ఎక్కడ కోయాలో నిర్ణయించింది మనుషులే.

అపోహ: పెద్ద పనిముట్టుకే కొలతలు తగ్గిస్తే చిన్నది తయారవుతుంది.

మా కష్టమంతా ఇక్కడే. 8 మి.మీ. కడ్డీని 4 మి.మీ.కి తగ్గించామనుకోండి. లోహం, పొడవు అవే అయినా వంగకుండా నిలిచే గట్టిదనం సగం కాదు, 16వ వంతుకు పడిపోతుంది. కుట్టు వేస్తూ సూదిని కాస్త గట్టిగా లాగితే కడ్డీయే వంగుతుంది, కొన అనుకున్న చోట ఉండదు.

కొనలో మణికట్టులా తిరిగే కీలు ఇంకో తలనొప్పి. మోటార్లు శరీరం బయటే ఉంటాయి. చాలా పనిముట్లలో కీలును తిప్పేవి సన్నని లోహపు కేబుళ్లు. పనిముట్టు సన్నబడితే కేబుల్ తిరిగే కప్పీ కూడా చిన్నదవుతుంది, దాని మీద కేబుల్ మరింత మెలికగా వంగాలి. అలా వంగి, సాగి, మళ్లీ వంగి లోహం అలసిపోతుంది. టెస్ట్ అయ్యాక మైక్రోస్కోప్ కింద చూస్తే, పేనిన పోగుల్లో ఒకటి రెండు తెగి ముళ్లలా లేచి ఉంటాయి. అప్పటికీ కీలు మామూలుగానే తిరుగుతుంటుంది! అందుకే ఇన్నిసార్లు వాడాక పక్కన పెట్టేయాలని పరిమితి పెడతాం. ఖర్చు పేరు చెప్పి ఆ లెక్కను సొంతంగా పెంచుకోవడం నాకు అస్సలు నచ్చదు.

అపోహ: లోపల తగిలేదంతా సర్జన్ చేతికి తెలుస్తుంది.

చాలా రోబోల్లో తెలియదు, కళ్లతో చూసే అంచనా వేస్తారు. బలాన్ని కొలిచే సెన్సర్ పెట్టడానికి కొనలో చోటు తక్కువ. బయట పెడితే కేబుల్ రాపిడి కూడా అందులో కలిసిపోతుంది. బలాన్ని చేతికి తెలియజేసే పనిముట్లు ఈమధ్యే వస్తున్నాయి.

అపోహ: వాడిన పనిముట్టును ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములను చంపే యంత్రం) పెడితే చాలు.

ముందు బాగా కడగాలి. కీలు సందుల్లో రక్తం ఎండి ఉంటే 134 డిగ్రీల ఆవిరి కూడా దాని అడుగుకు చేరకపోవచ్చు. బ్రష్ ఎటు నుంచి వెళ్తుంది, నీళ్లు ఎటు బయటికొస్తాయి అన్నది డ్రాయింగ్ వేసేటప్పుడే చూసుకోవాలి. కడిగే సిబ్బందిని మొదటి మీటింగ్‌కే పిలవడం మంచిది. ఆ సందు శుభ్రం కాదని వాళ్లు తేల్చితే, కీలు ఎంత బాగా తిరిగినా ఆ డిజైన్ మార్చాల్సిందే.