అలర్జీ ఆస్తమాలో జన్యువులు: అపోహలు - వాస్తవాలు

శ్వాసనాళాల కణాల్లో ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందో కొలవడం నా వృత్తి. ఆ సంగతి తెలిసినవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లు, నన్ను అడిగే ప్రశ్నల వెనక తరచూ కనిపించే అపోహలివి.

అపోహ: ఆస్తమా జన్యువు ఉన్నవాళ్లకే ఆస్తమా వస్తుంది.

అలాంటి ఒక్క జన్యువంటూ లేదు. ముప్పును కొద్దికొద్దిగా పెంచే తేడాలు మన డీఎన్ఏలో చాలా చోట్ల ఉన్నాయి. వాటిలో బాగా పేరుపడినది 17వ క్రోమోజోమ్‌ మీద ఉంది. చిన్నతనంలో మొదలయ్యే ఆస్తమాతో దానికి సంబంధం ఉందని 2007లో తేలింది. విచిత్రమేమిటంటే, అక్కడ జన్యువేమీ చెడిపోలేదు. ఓఆర్ఎండీఎల్3 అనే జన్యువు ఎంత పని చేస్తుందన్న దగ్గరే తేడా. పంచాంగం అందరి ఇళ్లలోనూ ఉంటుంది, ఈ రోజు ఏ పేజీ తీశారన్నదే ప్రశ్న.

ఆ పేజీ తీయించడంలో పరిసరాలకు ఎంత పాత్ర ఉందో అమెరికాలోని రెండు రైతు సమాజాలు చూపించాయి. అమిష్, హటరైట్ ప్రజలిద్దరి మూలాలూ మధ్య ఐరోపావే, జన్యుపరంగానూ దగ్గరివాళ్లు. అమిష్ పిల్లలు ఇంటి పక్కనే ఆవులు, గుర్రాల మధ్య పెరుగుతారు. హటరైట్ల వ్యవసాయం యంత్రాలతో, ఇళ్లకు దూరంగా సాగుతుంది. 2016లో వెలువడిన అధ్యయనంలో ఆస్తమా ఉన్న పిల్లలు అమిష్‌లలో సుమారు 5 శాతం, హటరైట్లలో 21 శాతం. వాళ్ల రక్తకణాల్లో రోగనిరోధక జన్యువుల చురుకుదనం కూడా వేరుగా ఉంది. అలాగని ఇప్పటికే ఆయాసపడుతున్న పిల్లవాణ్ణి పశువుల కొట్టంలోకి పంపకండి. అది వేరే కథ, ఆసుపత్రిలో ముగిసే కథ.

అపోహ: ఆస్తమా అంటే ఆస్తమానే, అందరికీ ఒకే మందు.

నా వృత్తిలో నాకు బాగా ఇష్టమైన కథ ఇదే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు బ్రాంకోస్కోపీ (శ్వాసనాళంలోకి సన్నని గొట్టం పంపి చూసే పరీక్ష) ద్వారా రోగుల శ్వాసనాళాల లోపలి పొరను సన్నని బ్రష్‌తో తాకి, అంటుకున్న కణాల్లో జన్యువుల పనిని కొలిచారు. పెరియోస్టిన్, సీఎల్‌సీఏ1, సెర్పిన్‌బీ2 అనే మూడు జన్యువులు ఆస్తమా ఉన్నవాళ్లలో ఎక్కువగా పనిచేస్తున్నట్లు 2007లో ప్రకటించారు. ఈ మూడింటినీ రెచ్చగొట్టేది ఇంటర్‌ల్యూకిన్-13, అలర్జీ సమయంలో రోగనిరోధక కణాలు విడుదల చేసే రసాయన సంకేతం. తెమడను చిక్కగా చేసే ఎంయూసీ5ఏసీ జన్యువును పెంచేదీ అదే.

రెండేళ్ల తర్వాత అదే బృందం మరో సంగతి చూపింది. తేలికపాటి, మధ్యస్థ ఆస్తమా ఉన్నవాళ్లలో దాదాపు సగం మందిలోనే ఈ జన్యువులు పెరిగి ఉన్నాయి. మిగతావాళ్లూ ఆయాసపడుతున్నారు, కానీ కణాల్లో ఆ జాడ లేదు. పీల్చే స్టెరాయిడ్ ఇచ్చి చూస్తే మొదటి సగానికే ఊపిరి స్పష్టంగా మెరుగుపడింది.

ఇసినోఫిల్ అనే ఒక రకం తెల్ల రక్తకణాలను పెంచే సంకేతం ఇంటర్‌ల్యూకిన్-5. దాన్ని అడ్డుకునే మెపోలిజుమాబ్ మందుదీ ఇలాంటి చరిత్రే. ఆస్తమా రోగులందరికీ ఇచ్చిన తొలి పరీక్షల్లో అది తేలిపోయింది. ఇసినోఫిల్ కణాలు ఎక్కువగా ఉన్నవాళ్లను ఏరి ఇచ్చిన 2009 అధ్యయనాల్లో తీవ్రమైన దాడులు తగ్గాయి. 2015లో అమెరికాలో అనుమతి వచ్చింది. మందు అదే, మారింది రోగుల ఎంపిక.

అపోహ: శ్వాసనాళాల లోపలి పొర ఉత్త గోడ.

కాదు, కావలి. పరుపుల్లో, దిండ్లలో ఉండే ధూళి పురుగుల విసర్జనలోని ఒక ఎంజైమ్, కణాల మధ్య అతుకులను కోసేస్తుంది. దెబ్బ తిన్న కణాలు టీఎస్ఎల్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-33 వంటి హెచ్చరికలు పంపుతాయి. మిగతా గొడవకంతా అదే నాంది. టీఎస్ఎల్‌పీని అడ్డుకునే టెజెపెలుమాబ్ మందుకు 2021లో అమెరికాలో అనుమతి లభించింది.

అపోహ: ఆయాసం తగ్గితే లోపల కూడా తగ్గినట్లే.

సాల్బుటమాల్ ఇన్‌హేలర్ కొన్ని నిమిషాల్లో శ్వాసనాళాల కండరాన్ని సడలిస్తుంది. కానీ వాపును నడిపే జన్యువుల జోలికి అది పోదు. ఊపిరి హాయిగా ఆడుతుంటే లోపల ఇంటర్‌ల్యూకిన్-13 తన పని తాను చేసుకుపోతూ ఉండవచ్చు. పీల్చే స్టెరాయిడ్ అయితే కణంలోని గ్రాహకంతో (సంకేతాన్ని అందుకునే ప్రోటీన్‌తో) కలిసి కేంద్రకంలోకి వెళ్లి, వాపు జన్యువులను అణచివేస్తుంది. ఇందుకు గంటలు పడుతుంది, పూర్తి ఫలితానికి వారాలు. సాల్బుటమాల్ పనిచేసే బీటా-2 గ్రాహకాల తయారీని కూడా అది పెంచుతుంది. అందుకే సాల్బుటమాల్‌ను ఒంటరిగా వాడవద్దని, స్టెరాయిడ్ తోడుండాలని 2019 నుంచి అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అపోహ: స్టెరాయిడ్ ఇన్‌హేలర్ జన్యువులనే మార్చేస్తుంది.

మార్చదు. డీఎన్ఏలో ఒక్క అక్షరం కూడా కదలదు. చదివే తీరు మాత్రమే మారుతుంది, అదీ మందు వాడినంత కాలం. చాలామందిలో మందు మానేస్తే వాపు మళ్లీ తలెత్తేది ఇందువల్లే.

అపోహ: ఉమ్మి పరీక్షతో ఆస్తమా గుట్టు తెలిసిపోతుంది.

ఉమ్మిలోని డీఎన్ఏ చూసి గుట్టు చెబుతామనే ప్రకటనలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఉమ్మిలోని డీఎన్ఏ పుట్టుకతో వచ్చిందే తప్ప, శ్వాసనాళాల్లో ఈ వారం ఏ జన్యువు రెచ్చిపోయిందో చెప్పదు. ఆ సమాచారం నేరుగా కావాలంటే బ్రష్ లోపలికి వెళ్లాల్సిందే, మామూలు చికిత్సకు అంత అవసరం ఉండదు. రక్తంలో ఇసినోఫిల్ లెక్క చాలా ల్యాబుల్లో తక్కువ ఖర్చుతో అవుతుంది. ఊపిరిలోని నైట్రిక్ ఆక్సైడ్‌ను కొలిచే పరీక్ష కొన్ని ఆసుపత్రుల్లో ఉంది. ఇంటర్‌ల్యూకిన్-13 ప్రభావంతో పొర కణాల్లో పెరిగే ఎన్ఓఎస్2 జన్యువే ఆ వాయువును ఎక్కువగా తయారు చేయిస్తుంది. కాబట్టి నిదానంగా ఒక ఊపిరి వదిలితే చాలు, లోపలి జన్యువుల పనికి ఓ అంచనా దొరుకుతుంది. పొగతాగేవాళ్లలో, స్టెరాయిడ్ ఇప్పటికే వాడుతున్నవాళ్లలో ఆ అంకె తగ్గి కనిపిస్తుంది. పరీక్షకు ముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి.