వైరస్ పరిశోధన: అపోహలు - వాస్తవాలు

అపోహ: ప్రయోగశాలలో వైరస్‌ను అడ్డుకున్న పదార్థం రోగికీ మందుగా పనిచేస్తుంది.

వాస్తవం: వైరస్ తనంతట తాను పెరగదు కాబట్టి, ప్రయోగశాలలో వైరస్‌లపై పనిచేసే మేము ముందు కణాలను పెంచి, ఆ తర్వాతే వాటిలో వైరస్‌ను పెంచుతాం, ఆ కణాలు ఏ జీవివి, ఏ అవయవానివి అన్నదాన్ని బట్టి ఫలితం తారుమారు కావచ్చు. ఆఫ్రికన్ గ్రీన్ మంకీ మూత్రపిండం నుంచి 1962లో జపాన్‌లో రూపొందించిన వెరో కణాలు, వైరస్‌ను ఎదిరించే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసుకోలేవు గనుక వాటిలో చాలా వైరస్‌లు సులువుగా పెరుగుతాయి. 2020లో కరోనా వైరస్‌ను హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు అడ్డుకున్నది ఈ కణాల్లోనే. వాటిలోకి వైరస్ ఎండోసోమ్ అనే సంచి గుండా చేరుతుంది, అందుకు అవసరమైన ఆ సంచిలోని ఆమ్లతను ఈ మందు తగ్గిస్తుంది. మన ఊపిరితిత్తుల కణాలపై టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 అనే ఎంజైమ్ ఉండి నేరుగా దారి తెరవడం వల్ల వైరస్‌కు అక్కడ ఆ సంచితో పనిలేదు. అందుకే ఊపిరితిత్తులకు చెందిన కాల్యూ-3 కణాల్లో ఆ మందు పనిచేయలేదు. ఆసుపత్రిలో చేరిన రోగులకు కూడా దానివల్ల ప్రయోజనం లేదని బ్రిటన్‌లో రోగులపై జరిపిన రికవరీ అనే ట్రయల్ అదే ఏడాది తేల్చింది. వెరో కణాల ప్రయోగంలో లోపమేమీ లేదు, కోతి మూత్రపిండ కణం వరకు అది చెప్పింది నిజమే.

మోతాదుది మరో చిక్కు. కణాలను పెంచే ప్రయోగశాల ప్లేటులో కరోనా వైరస్‌ను అణచిన, పరాన్నజీవులకు వాడే ఐవర్‌మెక్టిన్ అనే మందు గాఢత, మామూలు మోతాదు తీసుకున్న మనిషి రక్తంలో కనిపించేదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ మాటకొస్తే సబ్బునీళ్లు కూడా ప్లేటులో కరోనా వైరస్‌ను నాశనం చేస్తాయి, కణాలతో సహా. వైరస్ ఆగిన గాఢత వద్ద కణాలు క్షేమంగా ఉన్నాయో లేదో చెప్పని ఫలితానికి నేను విలువ ఇవ్వను.

అపోహ: వైరస్‌లకు మందులే లేవు.

వాస్తవం: వైరస్ మన కణంలోని యంత్రాంగాన్నే వాడుకుంటుంది కనుక దెబ్బతీయడానికి దాని సొంత భాగాలు కొన్నే దొరుకుతాయి; దొరికిన చోట మందులు గట్టిగానే పనిచేస్తాయి. హెర్పిస్ మందైన ఎసైక్లోవిర్‌ను చైతన్యపరిచే తొలి మెట్టు హెర్పిస్ వైరస్ సొంత ఎంజైమ్ వల్లే జరుగుతుంది, అందుకే వైరస్ సోకని కణాలపై దాని ప్రభావం చాలా తక్కువ. కాలేయాన్ని దెబ్బతీసే, 1989లో గుర్తించిన హెపటైటిస్ సి వైరస్‌ను కణాల్లో పెంచడం ఏళ్లతరబడి ఎవరికీ సాధ్యపడలేదు. 1999లో జర్మనీ శాస్త్రవేత్తలు ఆ వైరస్ ఆర్‌ఎన్‌ఏలో కొంత భాగం మాత్రమే కణంలో తనను తాను నకలు చేసుకునే రెప్లికాన్‌ను రూపొందించాక, ఆ నకలును ఆపే మందుల వేట ఊపందుకుంది. 2013లో అలాంటి మందైన సోఫోస్‌బువిర్‌కు అమెరికాలో అనుమతి లభించింది. నేడు సాధారణంగా 8 నుంచి 12 వారాల మాత్రలతో 95 శాతానికి పైగా రోగులకు ఈ వ్యాధి పూర్తిగా నయమవుతోంది. హెచ్‌ఐవీ అలా లొంగదు, ఎందుకంటే అది తన జన్యువును మన డీఎన్‌ఏలోనే చేర్చేస్తుంది. మందులు దాన్ని అదుపులో ఉంచుతాయి గానీ తొలగించలేవు.

అపోహ: వైరస్‌లపై పనిచేసే ప్రతి ప్రయోగశాలలోనూ ప్రాణాంతక వైరస్‌లు ఉంటాయి.

వాస్తవం: పైన చెప్పిన రెప్లికాన్ నుంచి పూర్తి వైరస్‌లే తయారుకావు. ప్రమాదకర వైరస్ పైతొడుగు ప్రోటీన్‌ను మాత్రమే ధరించి, ఒక్కసారి కణంలోకి ప్రవేశించి అక్కడితో ఆగిపోయే సూడోవైరస్‌లతోనూ ఎంతో పని జరుగుతుంది. మశూచి వైరస్‌నైతే అమెరికాలోని అట్లాంటాలో ఒకటి, రష్యాలోని కోల్త్సోవోలో ఒకటి, మొత్తం రెండు కేంద్రాల్లో మాత్రమే ఉంచడానికి అనుమతి ఉంది.