కొండవాలు వెతికిన సైంటిస్టు

ఒరేయ్ చిన్నా, అమ్మలూ,

మొన్న ఫోన్లో అడిగారు కదా, అబ్జర్వేటరీకి పెద్దగా ఉండటమంటే రాత్రంతా టెలిస్కోపుకి కన్ను ఆనించి కూర్చోవడమేనా తాతయ్యా అని. రేడియో టెలిస్కోపుకి కన్ను ఆనించే చోటే ఉండదర్రా, అది ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాల్ని పగలూ రాత్రీ పట్టుకుంటూ ఉంటుంది. మరి పెద్దాయనకి పనేంటంటారా? మన దేశంలో పెద్ద రేడియో టెలిస్కోపులు కట్టించిన సైంటిస్టు గోవింద్ స్వరూప్ గారి సంగతి చెబుతా.

ఈయన 1953లో ఆస్ట్రేలియా వెళ్లి, రేడియో తరంగాలతో ఆకాశాన్ని గమనించే ఈ విద్య నేర్చుకున్నారు. అక్కడ వాడకం అయిపోయిన 32 చిన్న డిష్‌లు కనబడితే మా దేశానికిచ్చేయండని అడిగారు. సరేనన్నారు గానీ, ఓడ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర పని నిలిచిపోయింది (మన ఇంట్లో పెళ్లి ఖర్చుల పంచాయితీలాగే!). ఈలోగా ఆయన అమెరికాలో పీహెచ్‌డీ చేసి, హోమీ భాభా పిలుపు మీద 1963లో ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థకి వచ్చేశారు. చివరికి మన దేశం చేరిన ఆ డిష్‌లే 1965లో ముంబై దగ్గర కళ్యాణ్‌లో సూర్యుణ్ని గమనించడం మొదలుపెట్టాయి.

అసలు తెలివంతా ఆయన ఊటీలో కట్టిన టెలిస్కోపులో ఉంది. భూమి తిరుగుతుంటుంది కాబట్టి ఆకాశంలో దేన్నైనా గంటల తరబడి గమనించాలంటే టెలిస్కోపూ దాని వెంట తిరగాలి. అర కిలోమీటరు పొడవున్న దాన్ని ఎలా తిప్పుతాం? ఊటీ అక్షాంశం సుమారు 11 డిగ్రీలు. ఉత్తరం వైపు సరిగ్గా అన్ని డిగ్రీల వాలుతో పైకి లేచే కొండ దొరికితే, ఆ వాలు వెంబడే పొడవుగా కట్టిన టెలిస్కోపు భూమి అక్షానికి సమాంతరంగా ఉంటుంది. ఇక రెండు వైపులా తిప్పే తంటా లేదు, పొర్లించినట్టు ఒక్క వైపు మెల్లగా తిప్పితే తొమ్మిది గంటలకు పైగా వెంటపడొచ్చు. అలాంటి కొండ కోసం తిరిగారు, ఊటీ దగ్గర ముత్తొరైలో దొరికింది. 530 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు, రేకుల బదులు 1,100 స్టీలు తీగలు. 1970 నుంచి పనిచేస్తోంది. చంద్రుడు ఏదైనా గెలాక్సీకి అడ్డొచ్చినప్పుడు సిగ్నల్ ఏ క్షణంలో తగ్గిందో చూసి దాని చోటూ ఆకారమూ లెక్కగట్టారు.

తర్వాత పుణె దగ్గర ఖోడద్ ప్రాంతంలో, ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పున్న 30 డిష్‌లు. అంతేసి డిష్‌లకి రేకులు వేస్తే ఎంత బరువు, ఎంత ఖర్చు! ఈయన స్టీలు తాళ్లు బిగించి, వాటి మీద జల్లెడలాంటి తీగ వల పరిచారు. అక్కడ పట్టే తరంగాల పొడవు జానెడు మొదలుకుని మనిషి ఎత్తుకి కాస్త పైదాకా ఉంటుంది, చిన్న కన్నాల్లోంచి అవి జారిపోలేవు. గాలి మాత్రం దూరిపోతుంది, అందుకే తేలికపాటి కట్టడమైనా నిలబడింది. చూశారా, వంటింటి జల్లెడ ఆలోచనే!

ఈ సెలవుల్లో ఊటీ వెళ్తున్నామని మీ అమ్మ చెప్పింది. బోటు షికారు అయ్యాక ముత్తొరై వైపు ఒకసారి తీసుకెళ్లమనండి. చిన్నా, అక్కడ నీ ఫోన్ స్విచాఫ్, సైలెంట్ కాదు. ఫోను వదిలేవీ రేడియో తరంగాలేరా!

మీ తాతయ్య