‘శ్రీ’ చేర్చితే బ్యాకప్‌లో ఏం జరుగుతుంది?

చిక్కడపల్లిలో డీటీపీ సెంటర్ నడిపే ఒక పాఠకుడి ప్రశ్న ఇది. “మా పుస్తకాల ఫైళ్ళన్నీ రోజూ రాత్రి ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కి బ్యాకప్ అవుతాయి. మొదటిసారి తెల్లవార్లూ పట్టింది. ఇప్పుడు నాలుగైదు నిమిషాల్లో అయిపోయిందంటుంది. నమ్మొచ్చా?”

ఆయన వాడేది డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటు ఉచితంగా దొరికే ఆర్‌డిఫ్-బ్యాకప్ అనే ప్రోగ్రాం. మారని ఫైళ్ళ సంగతి తేలికే. సైజు, చివరిగా మార్చిన సమయం నిన్నటివే అయితే అది ఆ ఫైల్ జోలికే పోదు. అసలు అందం మారిన ఫైళ్ళ దగ్గర ఉంది.

నాలుగొందల పేజీల నవల టైపు చేశారనుకుందాం. రచయిత వచ్చి మొదటి పేజీ పైన ‘శ్రీ’ పెట్టమన్నారు. మన కంటికి అది ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి మాత్రం శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగు సంకేతాలు. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, వెరసి 12. అంటే నవల మొత్తం 12 బైట్లు వెనక్కి జరిగింది. ఫైల్‌ని 2048 బైట్ల ముక్కలుగా కోసి, నిన్నటి మొదటి ముక్కతో ఇవాళ్టి మొదటి ముక్కని, రెండోదానితో రెండోదాన్ని పోల్చారా, ఒక్కటీ కలవదు. ఒక్క శ్రీ కోసం నవలంతా మళ్ళీ పంపాలి!

దీనికి విరుగుడు 1996లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిజెల్, పాల్ మకెరస్ ఇచ్చారు. పేరు ఆర్‌సింక్. పాత ఫైల్ ఉన్న కంప్యూటర్ ప్రతి ముక్కకీ ఒక చిన్న గుర్తు లెక్కకట్టి పంపుతుంది. కొత్త ఫైల్ ఉన్న కంప్యూటర్ ఒక్కో బైటే జరుగుతూ, ప్రతి చోటా 2048 బైట్ల గుర్తు కట్టి, అది ఆ జాబితాలో ఉందేమో చూస్తుంది. ప్రతి బైటు దగ్గరా 2048 బైట్లు కూడుతూ కూర్చుంటే తెల్లారిపోదా? తెల్లారదు. కోఠి వెళ్ళే బస్సులో నారాయణగూడ దగ్గర ఒకరు దిగి ఒకరు ఎక్కితే కండక్టర్ టికెట్ల డబ్బంతా మళ్ళీ మొదటినుంచి కూడడు. దిగినవాడిది తీసేసి, ఎక్కినవాడిది కలుపుతాడు. మన బైట్ల బస్సులో ఒకటే నియమం, ముందెక్కినవాడే ముందు దిగాలి.

అంకెలతో చేసి చూడండి. బస్సులో నలుగురు, టికెట్లు 5, 2, 7, 1. మొత్తం 15. కానీ మొదటి ఇద్దరూ చోట్లు మార్చుకున్నా 15 మారదు, అందుకే రెండో లెక్క కూడా కావాలి: 4×5 + 3×2 + 2×7 + 1×1 = 41. చోట్లు మారితే ఇది 38 అవుతుంది, తేడా దొరికిపోతుంది. ఇప్పుడు 5 దిగింది, 9 ఎక్కింది. మొదటి లెక్క 15 – 5 + 9 = 19. రెండోది 41 – 4×5 + 19 = 40. అనుమానమైతే 2, 7, 1, 9తో మొదటినుంచి గుణించి చూడండి, 40 వస్తుంది. బస్సులో నలుగురున్నా రెండువేల మందున్నా పని ఇంతే. ఇలాంటి గుర్తునే హ్యాష్ అంటారు. మన కాలేజీల్లో హ్యాష్ అంటే ఐదు మార్కుల నిర్వచనం రాయించి వదిలేస్తారు. ఈ నాలుగు కూడికలు బోర్డు మీద చేయిస్తే పిల్లలు జన్మలో మర్చిపోరు.

మన నవలలో 12 అడుగులు జరగ్గానే నిన్నటి మొదటి ముక్క దొరుకుతుంది. ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటి అన్నీ దొరుకుతాయి. పంపాల్సింది ఆ 12 బైట్లు, “మిగతాది నీ దగ్గరున్నదే” అన్న కబురు.

అయితే ఈ లెక్క బలహీనం. వేర్వేరు ముక్కలకి ఒకే జవాబు రావచ్చు. అందుకని అది కలిసినప్పుడు మాత్రం ఇంకో గట్టి గుర్తుతో సరిచూస్తారు. ఆర్‌డిఫ్-బ్యాకప్ ఈ పనికి లిబ్‌ఆర్‌సింక్ అనే లైబ్రరీ (వేరే ప్రోగ్రాములు వాడుకునే రెడీమేడ్ కోడ్) మీద ఆధారపడుతుంది. అందులో మొదట ఆ గట్టి గుర్తు ఎండీ4 అనే హ్యాష్. 16 బైట్ల గుర్తులో ఎనిమిదే ఉంచుకునేవారు. ఒకే గుర్తు వచ్చే రెండు ముక్కల్ని కావాలని తయారుచేయగలిగితే, “ఇది నా దగ్గరుందిలే” అనుకుని బ్యాకప్ కొత్తదాన్ని వదిలేస్తుంది. చప్పుడు కూడా చేయదు. 2015లో లిబ్‌ఆర్‌సింక్ 1.0.0 దీన్ని సరిదిద్ది బ్లేక్2 అనే ఇంకా గట్టి హ్యాష్‌కి మారింది.

ప్రోగ్రాముల్ని డెబియన్ లాంటి సంకలనాల్లో చేర్చి నిలబెట్టే ప్యాకేజీ మెయింటెయినర్ల పని ఏమిటో నాకు బాగా అర్థమైంది ఇక్కడే. కొత్త లైబ్రరీలో గుర్తు మొదలుపెట్టే ఫంక్షన్‌కి “ఎండీ4 కావాలా, బ్లేక్2 కావాలా” అని ఒక ఆర్గ్యుమెంట్ అదనంగా ఇవ్వాలి. 2009లో వచ్చిన ఆర్‌డిఫ్-బ్యాకప్ 1.2.8కి ఆ సంగతి తెలియదు, కంపైలే అవదు, అంటే నడిచే ప్రోగ్రాంగా తయారే కాదు. అసలు రచయితల నుంచి తర్వాతి స్థిరమైన రిలీజ్, 2.0.0, వచ్చింది 2020 మార్చిలో. ఆ మధ్యకాలమంతా వేర్వేరు ప్యాకేజీ సంకలనాల వాళ్ళు కొన్ని లైన్ల ప్యాచ్‌ని తమ దగ్గర పెట్టుకుని, ప్రతి బిల్డ్‌కీ అతికిస్తూ దీన్ని బతికించారు. పేరు కూడా బయటికి రాని పని. నాకు దానిమీద అపారమైన గౌరవం.

దసరాకి కంప్యూటర్లకి కూడా పసుపు, కుంకుమ పెడతాం. పెట్టండి, నేనూ పెడతాను. కానీ బ్యాకప్ ఉందన్న ధీమాతో ఒక్కసారైనా వెనక్కి తీసి చూడకపోవడమే అసలు మూఢనమ్మకం. ఆర్‌డిఫ్-బ్యాకప్ ఇవాళ్టి ఫైల్‌ని పూర్తిగా ఉంచి, పాతవాటిని వెనక్కి నడిచే తేడాలుగా దాస్తుంది. నిన్నటిది కావాలంటే ఒక తేడా చాలు. రోజూ దిద్దిన ఫైల్ రెండు నెలల కిందటిది కావాలంటే అరవై తేడాలు వరసగా పెట్టుకుంటూ పోవాలి. మధ్యలో ఒక్కటి పాడైతే అంతకు ముందువన్నీ పోయినట్టే.

ఇంకో సంగతి. డెబియన్ 10లో ఉన్నది 1.2.8, డెబియన్ 11లో 2.0.5. పాత బ్యాకప్‌ని కొత్తది చదవగలదు, కానీ నెట్‌వర్క్ మీద ఈ రెండింటికీ మాటల్లేవు. కాబట్టి షాపు కంప్యూటర్‌నీ, ఇంట్లోదాన్నీ ఒకే రోజు అప్‌గ్రేడ్ చేయండి. అయ్యాక, రోజూ దిద్దుతూ వచ్చిన పుస్తకం ఒకటి ఎంచుకుని, దాని అన్నిటికన్నా పాత తేదీని రీస్టోర్ చేసి పేజీలు తెరిచి చూడండి.