మడ్డి తీసే చెయ్యి

తిరుపతిలో ఉన్న పెద్దోడికీ, చిట్టితల్లికీ తాత ఆశీస్సులు.

మొన్న ఫోన్లో పెద్దోడు ఒక మాట అన్నాడు. సైన్స్ రికార్డులో రీడింగులు పక్కవాడివి చూసి రాసేశాడంట. అదేందిరా అంటే, "ఎవరూ చదవరు తాతా, సంతకం పెట్టి పక్కన పడేస్తారు" అన్నాడు. అప్పుడు నేనేమీ అనలేదు గానీ, ఆ మాట రెండు రోజులు నన్ను వదల్లేదు. కోప్పడడానికి ఈ ఉత్తరం రాయడం లేదు నాయనా. పని గురించి నాకు తెలిసింది చెబుదామని రాస్తున్నాను. నాకు బాగా తెలిసిన పని బెల్లం వండడం ఒక్కటే.

మీరొచ్చేది ఎండాకాలం సెలవులకు. అప్పటికి గానుగ ఆగిపోయి ఉంటుంది. అందుకే పెద్ద పెనంలో చెరకు రసం కాగడం మీరు ఎప్పుడూ చూడలేదు.

చెరకు నరికినప్పటి నుంచే లెక్క మొదలవుతుంది. నరికింది నరికినట్టు గానుగకు చేరాలి. ఎండలో పడి ఉంటే లోపల తీపి తగ్గిపోతుంది. పైన పచ్చగా ఉండే కొసల్లో తీపి తక్కువ. వాటిని కొట్టేయకుండా ఆడిస్తే ఆ రసంతో బెల్లం సరిగ్గా గట్టిపడదు. వడగట్టిన రసాన్ని పెనంలో పోసి, కింద ఎండిన చెరకు పిప్పితో మంట పెడతారు. రసం వేడెక్కేకొద్దీ మురికంతా పైకి తేలుతుంది. దాన్నే మడ్డి అంటాం. బెండచెట్ల కాండాలు దంచి నీళ్ళలో పిసికితే జిగురు వస్తుంది. ఆ జిగురు పోస్తే మడ్డి గట్టిగా ఒకచోటికి చేరుతుంది. పొడుగు కట్టెకు కట్టిన జల్లెడతో దాన్ని ఎప్పటికప్పుడు తీసి పారేయాలి. ఒక్కసారి రసం తెర్లడం, అంటే మరగడం, మొదలైందంటే ఆ మురికి మళ్ళీ రసంలోనే కలిసిపోతుంది. ఆ తర్వాత దాన్ని విడదీయడం ఎవరి వల్లా కాదు.

ఇక పాకం. పాకం చూసేవాడు చిన్న గిన్నెలో చన్నీళ్ళు పెట్టుకుని పొయ్యి కాడే కూర్చుంటాడు. ఒక చుక్క ఆ నీళ్ళలో వేసి వేళ్ళతో చుడతాడు. జారిపోతే ఇంకా కావాలి. ఉండ కట్టి, గిన్నెకేసి కొడితే టక్కుమని మోగిందా, దించేయాలి. కాస్త ముందు దించితే బెల్లం జావగా ఉంటుంది, కాస్త ఆలస్యమైతే మాడు వాసన. టన్ను చెరకు ఆడిస్తే క్వింటాలు బెల్లం వస్తుంది, అంతే. ఏడాది పొడుగునా నీళ్ళు కట్టిన రైతు కష్టమంతా ఆ పాకం చూసే రెండు వేళ్ళ మధ్య ఉంటుంది.

ఇప్పుడు చూడండి. ఇందులో చెరకు నరికేవాడు ఒకడు, మంట వేసేవాడు ఒకడు, మడ్డి తీసేవాడు ఒకడు, పాకం చూసేవాడు ఇంకొకడు. ఎవరైనా ఒకడు తన పని సగంలో వదిలేస్తే ఆ సగం ఎక్కడికీ పోదు, తర్వాతివాడి చేతికి పోతుంది. కొసలు కొట్టకుండా పంపినవాడు హాయిగా ఇంటికెళ్ళి అన్నం తింటాడు. గట్టిపడని పాకంతో అర్ధరాత్రి దాకా కొట్టుకునేది పెనం దగ్గరున్నవాడు. పని దొంగతనాన్ని నేను ఇంత గట్టిగా పట్టించుకునేది ఇందుకే. అది మనం మిగుల్చుకునే సుఖం కాదు, వేరేవాడి నెత్తిన పెట్టే బరువు.

ఈ తప్పులన్నీ కప్పేసే పొడి కూడా ఒకటి ఉంది. హైడ్రోస్ అంటారు. బట్టల రంగు పోగొట్టడానికి వాడే రసాయనం అది. పాకంలో వేస్తే నల్లగా ఉన్నది కాస్తా పచ్చగా బంగారంలా మారిపోతుంది. మండీలో రేటు పలికేది ఆ రంగుకే.

నాకు పదహారేళ్ళప్పుడు ఒక రాత్రి మడ్డి కాడ నన్ను నిలబెట్టి మా నాయన పక్క ఊరికి పోయినాడు. అప్పటికి రెండు రాత్రులుగా నాకు సరిగ్గా నిద్ర లేదు. నిలబడే కునుకు తీశాను. కళ్ళు తెరిచేసరికి రసం తెర్లుతా ఉంది, మడ్డంతా లోపలికి పోయింది. ఆ పెనంలో పాకం నల్లగా వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. హైడ్రోస్ రెండింతలు వేశాను. పొద్దున చూస్తే ఆ సీజన్లో అంత అందమైన బెల్లం రాలేదు. చిత్తూరు మండీలో మంచి రేటుకు పోయింది. నాయన నా భుజం తట్టాడు కూడా.

పండక్కని అదే పెనం నుంచి రెండు అచ్చులు అమ్మ ఇంట్లో దాచింది. సంక్రాంతికి కుండ తీస్తే అవి రంగు తిరిగి, చెమ్మగిల్లి ఉన్నాయి. హైడ్రోస్‌తో వచ్చిన రంగు నిలవదు. నాయన ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఆ రాత్రి మడ్డి కాడ ఉండింది నువ్వే గదా" అన్నాడు. అవునన్నాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "మిగిలిందంతా ఎవరు తిన్నారో మనకు తెలీదు గదరా" అని మాత్రం అన్నాడు. పండగ అయిన మర్నాడు మళ్ళీ ఆ జల్లెడ నా చేతికే ఇచ్చాడు.

మా గానుగలో హైడ్రోస్ వాడడం ఆ ఏడాదితోనే ఆగిపోయింది. అప్పటి నుంచి మండీలో ఒక వ్యాపారి మా సరుకు నల్లగా ఉందని ప్రతిసారీ రేటు కోసేవాడు. రుచి చూడమంటే చూసేవాడు కాదు. అది అన్యాయమని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. బాగా పని చేస్తే బాగా డబ్బులొస్తాయని మీకు అబద్ధం చెప్పలేను. ఒక్కోసారి రావు.

ఇంకో సంగతి. ఆ రాత్రి నా అసలు తప్పు నిద్రపోవడం కాదు. నిద్ర ఆగడం లేదని మంట వేసే అన్నతో చెప్పి ఉంటే, ఆయన ఇంకెవరినైనా లేపి ఉండేవాడు. చెప్పడానికి నామోషీ పడ్డాను. టెన్షన్ పడుతూ రాత్రంతా మేలుకుని చదివితేనే కష్టపడినట్టు అని మీ అమ్మ అంటుంటే విన్నాను. నేను ఒప్పుకోను. చేతకానప్పుడు చేతకాదని చెప్పడం కూడా పనిలో భాగమే.

"ఎవరూ చదవరు" అన్నావు కదా పెద్దోడా, మీ నెత్తిన ఉన్న తిరుమల కొండ మీదే దానికి జవాబు ఉంది. అన్నమయ్య 1503లో పోయాడు. ఆయన పాటల్ని ఆయన వంశం వాళ్ళు రాగి రేకుల మీద చెక్కించి, గుడిలోనే సంకీర్తన భాండారం అనే చిన్న అరలో పెట్టించారు. ఆ రేకులు వందల ఏళ్ళు అక్కడే ఉండిపోయాయి. 20వ శతాబ్దంలో బయటికి తీశాక వేటూరి ప్రభాకరశాస్త్రి గారు, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు లాంటి పండితులు కూర్చుని వాటిని చదివి, పరిష్కరించి అచ్చుకు సిద్ధం చేశారు. అట్లా 12 వేలకు పైగా పాటలు మనకు దక్కాయి. ఉలి పట్టుకుని ఆ అక్షరాలు చెక్కిన మనిషి పేరు నాకు తెలియదు. చీకటి అరలోకి పోయే రేకే కదా అని ఆయన నాలుగు అక్షరాలు ఎగ్గొట్టి ఉంటే, ఆ ఖాళీ ఈ పండితుల నెత్తిన పడేది. ఎంత పండితుడైనా చెక్కని అక్షరాన్ని ఎట్లా చదువుతాడు?

నీ రికార్డులో రీడింగు తప్పొస్తే తప్పే రాయి. ఎందుకు తప్పొచ్చిందో నీకు తోచింది కింద ఒక వాక్యం రాయి. ఈసారి వచ్చేటప్పుడు ఆ పుస్తకం తెచ్చుకో, నేను కూర్చుని మొదటి నుంచి చదువుతాను.

సంక్రాంతికి రెండు రోజులు ముందే వచ్చేయండి, గానుగ ఆడుతూ ఉంటుంది. చిట్టితల్లి పాకం ఉండ చుట్టి చూడొచ్చు. పెద్దోడికి జల్లెడ ఇస్తాను, పక్కన నేనుంటాను.

రేపు చిత్తూరు బస్సులో ఐదు కిలోల బెల్లం పంపుతున్నాను. నల్లగానే ఉంటుంది. పాయసంలో వేసేటప్పుడు పొయ్యి మీద నుంచి దించి, కాస్త ఆరాక వేయమని అమ్మకు చెప్పండి. కాగే పాలలో వేస్తే విరిగిపోతాయి.

మీ తాత