గడపకు పసుపు, ప్లానులో పసుపు

పిల్లలూ,

మొన్న బుధవారం మన అపార్ట్‌మెంట్ వెనక గల్లీలో పాత ఇల్లు పడగొడుతుంటే మీరంతా బాల్కనీలో వరసగా నిలబడి చూశారు. జేసీబీ రెండుసార్లు గుద్దినా ఆ వరండా స్తంభం పడలేదు, మూడోసారికి పడింది, మీలో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఆ తర్వాత మీ అందరిలోకి చిన్నది నా దగ్గరికొచ్చి, "తాతా, ఆ ఇల్లు బానే ఉంది కదా, మరెందుకు పడగొడుతున్నారు?" అని అడిగింది. దుమ్మొస్తోంది, లోపలికి పదండి అన్నాను తప్ప జవాబు చెప్పలేదు. తెలియక కాదు. అది నిలబడి రెండు ముక్కల్లో చెప్పేసేది కాదు, పైగా అందులో నా వంతు కూడా ఉంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నేనేం పని చేసేవాణ్ణో మీకు సరిగ్గా తెలియదు. ముప్పై నాలుగేళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను, అంటే ఇంజినీర్లు చెప్పినట్టు ఇళ్ల ప్లాన్లు గీసేవాణ్ణి, కంప్యూటర్లు రాకముందు ట్రేసింగ్ పేపరు మీద, ఇంకు పెన్నుతో. మున్సిపాలిటీకి ఇచ్చే ప్లానులో రంగులకు ఒక పద్ధతి ఉంటుంది. స్థలం హద్దుకు మందంగా నల్ల గీత. కొత్తగా కట్టబోయేదానికి ఎరుపు. కూల్చబోయేదానికి పసుపు. కాబట్టి ఎక్కడైనా అపార్ట్‌మెంట్ ప్లాను గీయాలంటే ముందు ఆ పాత ఇంటికి వెళ్లి, టేపు పెట్టి కొలిచి, దాన్ని కాగితం మీదికి ఎక్కించి, దాని మీద ఏటవాలుగా పసుపు గీతలు గీయాలి. మన హైదరాబాద్‌లో బర్కత్‌పురా, నారాయణగూడ, హిమాయత్‌నగర్, దోమలగూడ, కాచిగూడ, అటు మారేడ్‌పల్లి, ఇలా నేను పసుపు గీతలు గీసిన ఇళ్లు వందకు పైనే ఉంటాయి. వాటిలో ఇవాళ ఒక్కటీ లేదు.

మా అమ్మ శుక్రవారం పొద్దున్నే గడప కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేది. ఆఫీసులో అదే రంగుకు అర్థం వేరు. పనిలో చేరిన మొదట్లో ఇది నాకు తట్టనే లేదు.

ఇప్పుడు మీ ప్రశ్నకొస్తాను. బానే ఉన్న ఇంటిని ఎందుకు పడగొడతారు? ముందు, అది ఎంత బాగుండేదో తెలియాలి. ఆ వెనక గల్లీ ఇంటి గోడలు అడుగున్నర మందం. ఇటుకల మధ్య సిమెంటు లేదు, డంగు సున్నం ఉంది. గుండ్రటి గాడిలో రాతి చక్రాన్ని ఎద్దుతో తిప్పించి సున్నం, ఇసుక కలిపి రోజుల తరబడి నూరేవాళ్లు, నునుపు గిలాబాకైతే, అంటే గోడ పైపూతకైతే, బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కూడా కలిపేవాళ్లు. ఆ సున్నం తేమను పీల్చుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. పైకప్పుకు టేకు దూలాలు, వాటి మీద వాసాలు, ఆ పైన పల్చటి ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో పోత. కొన్ని ఇళ్లలో దూలాల బదులు ఇనుప గర్డర్లు వేసి వాటి మీద షాబాద్ బండలు పరిచేవాళ్లు. కప్పు పద్నాలుగు అడుగుల ఎత్తులో ఉండేది, గోడ పైభాగాన రోషన్‌దాన్లు, అంటే వేడి గాలి బయటికి పోయే చిన్న కిటికీలు. మే నెలలో మధ్యాహ్నం కొలతలకు వెళ్లి, బయట ఎండలోంచి అలాంటి ఇంట్లోకి అడుగు పెట్టగానే ఒళ్లంతా చల్లబడేది. మన ఫ్లాట్లో ఏసీ ఆపితే పది నిమిషాలు కూర్చోలేం కదా, తేడా గోడలోనూ ఎత్తులోనూ ఉంది.

మొదటి కారణం, పట్టించుకోకపోవడం. ఇంత గట్టి ఇల్లు పాడయ్యేది జేసీబీ రాకముందే, అదీ చాలా చిన్నచోట మొదలై. డాబా మీద వాన నీళ్లు పోయే తూములో ఆకులు అడ్డం పడతాయి, ఎవరూ తీయరు. నీళ్లు నిలుస్తాయి. పిట్టగోడ సందులో రావి మొక్క మొలుస్తుంది, రావి చెట్టు కదా అని పీకడానికి చెయ్యి రాదు, దాని వేరు సున్నంలోకి దిగుతుంది. నీళ్లు గోడలోకి దిగి, టేకు దూలం కొస గోడలో ఎక్కడ కూర్చుందో అక్కడ పుచ్చుతుంది. దూలం మధ్యలో ఇనుములా ఉంటుంది, కొస మాత్రం పిండి. అప్పుడు ఇంటివాళ్లు మేస్త్రీని పిలిస్తే, ఆయన గోడకు పైనుంచి సిమెంటు గిలాబా కొట్టి వెళ్తాడు. అదే అన్నిటికంటే పెద్ద తప్పు. లోపలి తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి, రెండేళ్లలో గిలాబా పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది, దాంతో పాటు పాత సున్నమూ ఊడుతుంది. ఆ పెచ్చు చూపించి "ఇల్లు శిథిలమైపోయింది" అంటారు. నేను కొలిచిన ఇళ్లలో నిజంగా పనికిరానివి చాలా తక్కువ. తూము బాగుచేసి, నాలుగు దూలాల కొసలు మార్చి, సున్నంతోనే గిలాబా చేయిస్తే ఇంకో యాభై ఏళ్లు ఉండేవే ఎక్కువ. ఆ సున్నం పని తెలిసిన మేస్త్రీలు కూడా ఇళ్లతో పాటే తగ్గిపోయారు, అది నాకు ఇళ్లంత బాధ.

ఇక రెండో కారణం, వాటాలు. దీన్ని మా ఇంటి కథగానే చెబుతాను.

మా నాన్న కట్టించిన ఇల్లు కాచిగూడలో ఉండేది. ఆయన పోయాక మేం నలుగురం, ఇద్దరు అన్నదమ్ములం, ఇద్దరు అక్కచెల్లెళ్లు. ఒకరు అమెరికాలో, ఒకరు విజయవాడలో. ఇంట్లో ఉన్నది అమ్మా, నేనూ, మీ అమ్మమ్మా. కప్పు కారితే ఖర్చెవరిది? ఇల్లు ముక్కలు చేసి పంచుకోలేం, ఒకరు మిగతా ముగ్గురి వాటాలు కొనాలంటే నా జీతంతో అయ్యేది కాదు. ఒక బిల్డర్ వచ్చాడు. కింద పార్కింగ్, పైన నాలుగు అంతస్తులు, ఎనిమిది ఫ్లాట్లు, నాలుగు మాకు, నాలుగు ఆయనకు. ఎవరి ఫ్లాటు వాళ్లకు. గొడవ లేదు, పైసా పెట్టుబడి లేదు. దీన్నే డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ అంటారు, మన ఊళ్లో వేలకొద్దీ ఇళ్లు ఈ ఒక్క కాగితంతోనే పోయాయి. ఎవరూ దుర్మార్గులు కారు పిల్లలూ. మా చెల్లెలికి కూతురి పెళ్లి ఉంది, అన్నయ్యకు అప్పుంది. నేనూ సంతకం పెట్టాను.

ప్లాను గీసింది కూడా నేనే. వేరేవాళ్లకిస్తే డబ్బు దండగ అనుకున్నాను. మా నాన్న గది, అమ్మ వంటిల్లు, చేదబావి, తులసికోట, అన్నీ కొలిచాను. పుట్టి పెరిగిన ఇంట్లో వంటిల్లు పదడుగుల మూడంగుళాలని ఆ రోజే తెలిసింది. రాత్రి పసుపు గీతలు గీస్తుంటే అమ్మ పక్కన కూర్చుని, "ఇదేంటిరా, ఇంటికంతా పసుపు పూస్తున్నావ్?" అంది సంతోషంగా. అదేంటో చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేదు, ఆమె లేదు.

పడగొట్టే కాంట్రాక్టరు మన దగ్గర డబ్బు తీసుకోడు, తానే మనకిస్తాడు. టేకు దర్వాజాలు, దూలాలు, ఇనుప గర్డర్లు, షాబాద్ బండలు ఆయన సొంతం. పాత టేకుకు మంచి గిరాకీ. అంటే ఆ "శిథిలమైన" ఇంటి తలుపులు ఇంకో వందేళ్లు పనికొస్తాయని డబ్బిచ్చి మరీ కొంటారన్నమాట. మా ముందు దర్వాజా గడపతో సహా ఎక్కడికి పోయిందో నాకు తెలియదు.

మూడో కారణం, భూమి ధర. 2006లో మన ఊళ్లో ఎఫ్ఎస్ఐ పరిమితి తీసేశారు, అంటే ఇంత స్థలంలో ఇంత మేరకే కట్టాలన్న లెక్క పోయింది. రోడ్డు వెడల్పును బట్టి, చుట్టూ వదిలే ఖాళీని బట్టి ఎంత ఎత్తుకైనా పోవచ్చు. అలాంటప్పుడు ఆరువందల గజాల్లో ఒక్క అంతస్తు ఇల్లు, ముందు ఒక మామిడి చెట్టు ఉంటే, చూసేవాడికి ఇల్లు కనబడదు, పైనున్న ఖాళీ ఆకాశం కనబడుతుంది. ఆ ఆకాశాన్ని అమ్ముకోకుండా ఉండటం ఎంత కష్టమో ఆలోచించండి.

మరి చట్టం ఏం చేస్తోంది అని మీలో పెద్దవాడు అడుగుతాడు, నాకు తెలుసు. 1995లో హుడా, అంటే అప్పటి హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ, నిబంధనల్లో వారసత్వ కట్టడాల కోసం ఒక నిబంధన పెట్టారు, దాని కింద 1998లో 137 కట్టడాల జాబితా వచ్చింది. జాబితాలో ఉంటే అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. కానీ ఊరు ఎంత పెద్దది, 137 ఎంత? జాబితాలకు ఎక్కేవి ఎక్కువగా మహళ్లూ, దేవిడీలూ, అంటే నవాబుల పెద్ద పెద్ద ఇళ్లూ. మా కాచిగూడ ఇల్లు ఏ జాబితాలోకి వస్తుంది? 2015 డిసెంబర్‌లో ఆ నిబంధననే తీసేశారు, తర్వాత 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. పెద్ద పెద్ద మహళ్లకే దిక్కు లేని రోజులు చూశాం. చార్మినార్ దగ్గర 1845 నాటి మాల్వాలా మహల్ 2000లో చాలావరకు నేలమట్టమైంది, ఆ చోట షాపింగ్ కాంప్లెక్స్ లేచింది. నిజాంల దగ్గర దివాన్లుగా, అంటే ప్రధానులుగా, పనిచేసిన సాలార్‌జంగులు ఉన్న దివాన్ దేవిడి సంగతీ అంతే. మీరు స్కూలు నుంచి వెళ్లిన సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో మొదలైంది ఆ దేవిడిలోనే, 1968లో ఇప్పటి భవనంలోకి మారింది. ఆ తర్వాత దేవిడి పోయింది, గేట్లు మిగిలాయి.

గెలిచిన కథ ఒకటుంది, అది మీరు తప్పక తెలుసుకోవాలి. మెట్రోలో పంజాగుట్ట దాటగానే వచ్చే ఎర్రమంజిల్ స్టేషన్ పేరు అక్కడి గుట్ట మీదున్న మహల్‌ది. నవాబు ఫఖ్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో కట్టించిన నూట యాభై గదుల భవనం. ఇరమ్ అంటే పారసీలో స్వర్గవనం, మనవాళ్లకేమో అది ఎర్ర గుట్ట, రెండు పేర్లూ కలిసిపోయాయని చెబుతారు. 2019 జూన్‌లో దాన్ని పడగొట్టి కొత్త అసెంబ్లీ కట్టాలని మంత్రివర్గం నిర్ణయించింది. జనం కోర్టుకు వెళ్లారు. సెప్టెంబర్ 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. భవనం ఇంకా ఉంది, అలసిపోయి ఉంది, కానీ ఉంది. ఈసారి మెట్రోలో వెళ్లినప్పుడు ఆ పక్క కూర్చోండి.

నా అనుభవంలో నిలబడిన ఇళ్లన్నీ ఏదో ఒక పనిలో ఉన్నవే. నిజాంల కాలంలో ఇంగ్లీషువాళ్ల ప్రతినిధి ఉన్న కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీలో 1949 నుంచి ఆడపిల్లలు చదువుకుంటున్నారు కాబట్టే, పాత కట్టడాలను కాపాడే వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ అనే సంస్థ సాయంతో బాగుచేసేదాకా అది నిలిచి ఉంది. ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు వెళ్లే దారిలో సరోజినీ నాయుడు ఇల్లు ఉంది. దాని పేరు గోల్డెన్ థ్రెషోల్డ్, 1905లో వచ్చిన ఆమె మొదటి కవితల పుస్తకం పేరే అది. తెలుగులో చెప్పాలంటే బంగారు గడప. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలైంది ఆ ఇంట్లోనే. ఇంకా వెనక్కి వెళ్తే, 1901 సెప్టెంబర్ 1న రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో కొంతమంది కూర్చుని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలుపెట్టారు. ఈ ఊళ్లో తెలుగు చదువుకోవడానికి చోటు దొరకని రోజుల్లో అది ఒక ఇంటి వసారాలోనో గదిలోనో మొదలైన పని. ఆ గ్రంథాలయం సుల్తాన్ బజార్‌లో ఇప్పటికీ ఉంది, నేను మీ వయసులో అక్కడే పత్రికలు చదివేవాణ్ణి. కాబట్టి ఇల్లు మహల్ కానక్కర్లేదు, అందులో ఏం జరిగిందో ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి.

ప్రభుత్వం చేయగలిగింది కూడా ఉంది. పాత ఇల్లు అలాగే ఉంచుకునే యజమానికి, అక్కడ కట్టుకోకుండా వదిలేసిన మేరకు టీడీఆర్ అనే హక్కు పత్రం ఇస్తే దాన్ని ఆయన వేరే చోట కట్టేవాళ్లకు అమ్ముకోవచ్చు. ఆకాశం అమ్ముడుపోతుంది, ఇల్లూ ఉంటుంది. నిబంధనల్లో ఇది ఉన్నా మామూలు ఇంటివాళ్ల దాకా రాలేదు. మా నలుగురికీ అప్పట్లో ఎవరైనా ఇలాంటి దారి చూపించి ఉంటే మా ఇంటి మీద పసుపు గీసేవాణ్ణా? గీసేవాణ్ణి కానని గట్టిగా చెప్పగలను.

ఇక మనం చేయాల్సింది. మన గల్లీ చివర, కరెంటు స్తంభం పక్కన, ఆకుపచ్చ కిటికీల ఇల్లు చూశారుగా. అందులో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటారు. అడిగాను, కొలుచుకోవడానికి ఒప్పుకున్నారు. ఆదివారం వెళ్దాం. నా దగ్గర ముప్పై మీటర్ల టేపు ఉంది, ఒకరు కొస పట్టుకోవాలి, ఒకరు చదవాలి, ఒకరు రాయాలి. చదివిన కొలతను రాసేవాళ్లు మళ్లీ పైకి చదవాలి, లేకపోతే తప్పులొస్తాయి. కిటికీ ఎన్ని రెక్కలు, జాలీలో ఏ పువ్వు చెక్కారు, తలుపు గొళ్లెం ఎలా ఉంది, అన్నీ బొమ్మ గీయండి, ఫోన్లో ఫొటో కూడా తీయండి. ఇల్లు ఎవరు కట్టించారు, మేస్త్రీ పేరేంటి, బావిలో నీళ్లు ఎప్పుడు ఎండిపోయాయి, ఎవరి పెళ్లి ఏ గదిలో జరిగింది, ఆవిడ చెప్పినవన్నీ తేదీతో సహా రాసుకోండి. డాబా ఎక్కి తూములో ఆకులు నేను తీస్తాను, మీరు ఎక్కొద్దు.

ఆవిడ మధ్యాహ్నం కాసేపు పడుకుంటారు, నాలుగు దాటాకే వెళ్దాం. చెప్పులు బయటే విడవండి. లోపలికి వెళ్లేటప్పుడు గడప తొక్కకుండా దాటండి, ఆవిడ ఇంకా పసుపు రాస్తున్నారు.

మీ తాత