రెండు లిపులు, గుప్పెడు మనుషులు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగువాళ్ల ఇళ్లలో శుభలేఖ తరచూ రెండు లిపుల్లో అచ్చవుతుంది. ఒక పక్క తెలుగు, రెండో పక్క ఒడియా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఈ ఊళ్లు అటు చేరాయి, ఇళ్లలో భాష మాత్రం మారలేదు. డీటీపీ షాపుల్లో ఒకప్పుడు తెలుగుకు అను ఫాంట్లు, ఒడియాకు ఆకృతి. ఒక షాపులో కొట్టిన మేటరును ఆ ఫాంటు లేని ఇంకో షాపులో తెరిస్తే పిచ్చిగీతలే కనిపించేవి. ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఇచ్చే యూనికోడ్ వచ్చాక ఆ బాధ చాలావరకు పోయింది. పోగొట్టినవాళ్లెవరో మనలో చాలామందికి తెలియదు.

‘లక్ష్మి’ అని కొట్టండి. కంప్యూటర్‌లో అది ఏడు సంకేతాల వరస: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఏ ఒత్తు ఎక్కడ కూర్చోవాలో, గుడి దేనిమీదికి ఎక్కాలో ఫాంటులోని నియమాలు చదివి అమర్చాలి. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్‌లలో ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ, అంటే కోడు అందరికీ తెరిచి ఉండి ఇతర సాఫ్ట్‌వేర్లు వాడుకునే భాగం. ఒడియా యుక్తాక్షరాలకూ అదే దిక్కు. బెహదాద్ ఎస్ఫాబోద్ ఏళ్ల తరబడి దాన్ని ముందుండి నడిపారు, ఖాలెద్ హోస్నీ లాంటి కొద్దిమంది తోడు నిలిచారు. బెహదాద్‌కు రెడ్ హ్యాట్, గూగుల్ లాంటి చోట్ల ఉద్యోగం ఉండటం ఆ పనికి పెద్ద ఆసరా అయింది. 2020 జనవరిలో టెహ్రాన్‌లో ఆయన్ని అరెస్టు చేసి వారం పాటు జైల్లో ఉంచారు. మన రెండు లిపుల భారం ఎంత తక్కువమంది భుజాల మీద ఉందో ఆ వార్త చదివినప్పుడు నాకు గట్టిగా తగిలింది.

జీతం ఇచ్చేవాళ్లు లేనిచోట పరిస్థితి ఇంకా కష్టం. 2014 ఏప్రిల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం అప్పటికి రెండేళ్లుగా, వెబ్‌సైట్లతో మన సంభాషణను రహస్యంగా ఉంచే ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో ఉంది. లెక్కలేనన్ని వెబ్‌సైట్ల భద్రత ఆధారపడిన ఆ ప్రాజెక్టుకు విరాళాలు ఏడాదికి సుమారు 2,000 డాలర్లు, పూర్తికాలం పనిచేసే మనిషి ఒక్కరు. గగ్గోలు అయ్యాకే లైనక్స్ ఫౌండేషన్ పెద్ద కంపెనీల దగ్గర నిధి పోగుచేసింది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు. 2021 డిసెంబరులో లాగ్4జె అనే, ప్రోగ్రాముల్లో జరిగేది నమోదుచేసే సాఫ్ట్‌వేర్‌లో పెద్ద లోపం బయటపడినప్పుడూ అర్ధరాత్రిళ్లు కూర్చుని సరిచేసింది స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మాత్రం ఎక్స్‌జెడ్ ఉదంతం. ఫైళ్లను కుదించే ఈ చిన్న సాఫ్ట్‌వేర్‌ను లాసే కొలిన్ దాదాపు ఒంటరిగా చూసుకునేవారు. పని ఆలస్యమవుతోందని కొందరు ఆయన్ని పోరుపెట్టారు. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేకుండా ఇష్టంతో చేసే పని అని ఆయన 2022 జూన్‌లో బహిరంగంగానే రాశారు. 2021 నుంచి ఓపిగ్గా ప్యాచ్‌లు (కోడుకు సవరణలు) పంపుతూ వచ్చిన ‘జియా టాన్’ అనే పేరు ఆ తర్వాత నిర్వహణలోకి వచ్చింది. 2024 ఫిబ్రవరి, మార్చి విడుదలలు 5.6.0, 5.6.1లలో, బయటివాళ్లు కంప్యూటర్లలోకి చొరబడేందుకు దొంగదారి చేరింది. దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని అనుమానించి తవ్విన ఇంజనీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్ మార్చి 29న దాన్ని బయటపెట్టారు. అందరూ ఆ అర సెకను గురించే మాట్లాడారు. దారి తెరుచుకున్నది మాత్రం 2022లో, అలసిపోయానని ఒక మనిషి చెప్పినప్పుడు పక్కన నిలబడేవాళ్లు లేకపోవడం వల్ల.

జర్మనీ 2022లో సావరిన్ టెక్ ఫండ్ పేరుతో ఇలాంటి పనులకు ప్రభుత్వ డబ్బు పెట్టడం మొదలుపెట్టింది. మన దగ్గరా అలాంటిది రావాలి. ఈలోగా సరిహద్దు ఊళ్లవాళ్లు చేయగల పని ఒకటుంది, అది రెండు లిపులూ చదవగలగడం వల్లే సాధ్యం. ఒత్తు తప్పుగా పడితే ఆ పదాన్ని ఫొటోతో సరిపెట్టకుండా యూనికోడ్‌లోనే ఇచ్చి, ఫాంటు పేరు, సాఫ్ట్‌వేర్ వెర్షను, రావలసిన రూపం బొమ్మ జతచేసి దాన్ని నిర్వహించేవాళ్లకు పంపాలి. అదే పదాన్ని ఇంకో ఫాంటులో కొట్టి చూస్తే తప్పు ఫాంటుదా, హార్ఫ్‌బజ్‌దా అన్నది చాలావరకు తేలిపోతుంది. నిర్వహించేవాళ్లకు ఒక పూట పని తప్పుతుంది.